తెలుగులో చదువుకు బాట వేసిన పెనుగంచిప్రోలు బిడ్డ

పెనుగంచిప్రోలు: తిరుపతమ్మ తల్లి తిరునాళ్లకు బండ్లు కట్టుకొని, బస్సులెక్కి మన ఊరు వచ్చేవారు వేలాది మంది. మునేరు ఒడ్డున ఉన్న ఈ ఊరిలోనే కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు పుట్టారని ఎరిగినవారు మాత్రం తక్కువ. ఇంగ్లీషు రాని రైతు, కూలీ, ఆడపడుచు కూడా చరిత్రను, సైన్సును తన మాటలో చదువుకోవాలన్నదే ఆయన జీవితమంతా పట్టిన పట్టు.

ఆయన 1877 మే 18న వెంకటప్పయ్య, గంగమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి చిన్ననాడే కాలం చేశారు. తొలి చదువు భువనగిరిలో సాగింది. తరువాత అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుగార్ల అండన నాగపూరులో చదివారు. అక్కడ మరాఠీ నేర్చి, ఆ భాషా పత్రికలలో వ్యాసాలు రాసేటంత ప్రావీణ్యం సంపాదించారు. నాగపూరులో బి.ఏ. పూర్తి చేసి, 1900లో కలకత్తా విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టా పొందారు.

అక్కగారు బడికి వెళ్లి చదివినవారు కారు. తమ్ముడు ఇంట్లో చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకున్నారు. ఆమే 1902లో ధనత్రయోదశి అనే కథ రాశారు. మన దేశపు స్త్రీల చరిత్రలతో అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గ్రంథం కూర్చారు. 1905లో ఆమె చిన్న వయసులోనే కన్నుమూశారు. చదువు దొరికితే బడి ఎరుగని మనిషి ఎంత ఎదగగలరో లక్ష్మణరావుగారు తమ ఇంట్లోనే చూశారు.

ఎం.ఏ. చదివినవారు ఆనాడు పెద్ద సర్కారు కొలువుకు పోవడం పరిపాటి. ఈయన మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి సంస్థానంలో దివానుగా చేరారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న మునగాల ఆనాడు మన కృష్ణా జిల్లా కిందిదే. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యన ఈ పరగణా. సంస్థానం లెక్కలు, వ్యాజ్యాలు చూసుకుంటూనే ఆయన రాజావారిని, మిత్రులను కూడగట్టి 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. నిజాం రాజ్యంలో తెలుగుకు ఆదరణ కరువైన కాలమది. అక్కడ తెలుగు పుస్తకాలకంటూ ఒక గూడు కట్టడం చిన్న పని కాదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది.

గ్రంథాలయం తెరిచారు సరే, అందులో పెట్టడానికి పుస్తకాలేవి? పురాణాలు, ప్రబంధాలు ఉన్నాయి గాని లోక విషయాలు చెప్పేవి తెలుగులో బహు తక్కువ. ఆ లోటు తీర్చడానికి 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు, మన నందిగామ ప్రాంతీయులైన అయ్యదేవర కాళేశ్వరరావుగార్లు అందులో ఆయనకు తోడు నిలిచారు. గాడిచర్లవారు రాసిన అబ్రహాము లింకను చరిత్ర మండలి తొలి పుస్తకం. 1908లో మండలి మద్రాసుకు మారింది. జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, దేశ చరిత్రలు, నవలలు తక్కువ వెలకు జనానికి అందాయి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము కూడా మండలి వెలువరించినదే.

లక్ష్మణరావుగారు స్వయంగా శివాజీ చరిత్రము, హిందువుల మహాయుగము, మహమ్మదీయ మహాయుగము రాశారు. విన్న కథను చరిత్రగా రాయడం ఆయనకు పడదు. గుళ్ల ముందు పడి ఉన్న శాసనాల రాళ్లు చదివి, తాళపత్రాలు పోల్చి చూసి, సాక్ష్యం నిలిచినప్పుడే రాసేవారు. మన ఊళ్లలో బట్టలుతికే బండలుగా వాడుకునే రాళ్ల మీద కూడా తాతల నాటి చరిత్ర ఉండవచ్చునని ఇలాంటి వారివల్లనే తెలిసింది.

ఆ తరువాత ఆయన తలకెత్తుకున్నది ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. లోకంలోని సమస్త విషయాలను అకారాది క్రమంలో తెలుగువారికి తెలియజెప్పే మహా గ్రంథమది. వేదాల మొదలు గణితం, జ్యోతిశ్శాస్త్రం దాకా ఎన్నో వ్యాసాలు తానే రాశారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. ఆ మూడూ అ అక్షరపు మాటలతోనే నిండాయి. ఆరోగ్యం చెడినా పని వదలలేదు. 1923 జూలై 12న మద్రాసులో, 46 ఏళ్లకే ఆయన పరమపదించారు. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సర్వస్వాన్ని మళ్లీ చేపట్టి సంపుటాలు అచ్చు వేయించారు.

కూతురు అచ్చమాంబ పుట్టినది అక్కగారు పోయిన మరుసటి సంవత్సరం, 1906లో. ఆ పేరే పెట్టుకున్న బిడ్డ డాక్టరై, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

2027 మే 18 నాటికి లక్ష్మణరావుగారు పుట్టి 150 ఏళ్లు నిండుతాయి. విగ్రహం పెట్టి దండ వేస్తే ఒక పూట పండుగ. ఇంటికొక పుస్తకం చొప్పున ఊరి బడికి ఇచ్చి, పిల్లల చేత గట్టిగా చదివిస్తే అది ఆయన మొదలుపెట్టిన పనిని ముందుకు నడిపినట్లు. ఆయన అ దగ్గర ఆగిపోయారు. తక్కిన అక్షరాలు మన వంతు.