ఫోటోలో నేనెలా కనబడాలి?

ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. ఆ రోజు దగ్గర పడుతోందంటే చాలు, ఫోటో పోటీల హడావుడి మొదలవుతుంది. ఈ మధ్య కొన్ని పోటీల్లో ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ అని ఒక విభాగం కూడా పెడుతున్నారు. ఎవరి బొమ్మ వాళ్ళే తీసుకుని పంపడమన్నమాట. ‘ఓస్, సెల్ఫీయే కదా!’ అనుకుంటారు మన ఆడపిల్లలు. చేయి చాచి, తల కాస్త వంచి, ఓ నవ్వు నవ్వి నొక్కేస్తారు. తీరా చూస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి!

నన్నడిగితే ఇక్కడ అసలు ప్రశ్న ఒక్కటే. ఈ ఫోటోలో నేనెలా కనబడాలో తేల్చిందెవరు?

ఆడదాని విషయంలో ఇది చిన్న ప్రశ్నేం కాదు. పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోనే తీసుకోండి. చీర అమ్మ ఎంచుతుంది. నగలు పిన్నివి. గడ్డం కొంచెం దించమనేది స్టూడియో ఆయన. నచ్చిందో లేదో చెప్పేది అవతలి వాళ్ళు. ఇంతమంది మధ్యలో ఆ పిల్ల ఎక్కడుంది?

ఇది తలపుకొచ్చినప్పుడల్లా నాకు ఒకాయన జీవితం గుర్తొస్తుంది. మా కర్నూలుకి తుంగభద్ర అవతలి ఒడ్డు ఒకప్పుడు నిజాం రాజ్యం. ఆ రాజ్యంలో, నూటముప్పై ఏళ్ళ కిందటే, ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా ఫోటో స్టూడియో తెరిచిన మనిషి ఆయన. పేరు రాజా దీన్ దయాళ్.

ప్లాన్లు గీసే చేతికి కెమెరా

దీన్ దయాళ్ మన తెలుగాయన కాదు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నారు. 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో ఉద్యోగం. కట్టడాలకు అంచనాలు వేయడం, ప్లాన్లు గీయడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళ వయసులో, 1874 ప్రాంతంలో, సరదాగా కెమెరా పట్టుకున్నారు.

ఆ రోజుల్లో ఫోటో అంటే ఇప్పట్లా వేలితో తాకితే వచ్చేది కాదు. గాజు పలకకి మందు పూయాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి పరుగెత్తి కడగాలి. ఎండలో ప్రయాణాలు, బండ్ల మీద గాజు పలకలు, మందు సీసాలు... ఇంత తిప్పలు పడి తీసినా చేయి జారితే అంతా గాజు పెంకులే!

ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు హోల్కర్, ఆంగ్ల అధికారి సర్ హెన్రీ డేలీ ఆయన పనితనం చూసి వెన్నుతట్టారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్ పర్యటనకు వెళ్తూ వెంటబెట్టుకెళ్ళారు. కోటలు, గుళ్ళు, రాజులు, సంస్థానాధీశులు అందరూ ఆయన గాజు పలకల మీదికి ఎక్కారు. సరదా కాస్తా వృత్తయింది. సర్కారు కొలువు వదిలేశారు.

1880ల నడుమ హైదరాబాద్ చేరుకున్నారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మలు తీర్చేవాడని అర్థం. 1896లో బొంబాయిలోనూ స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజముద్ర ఉన్న గుర్తింపు కూడా అందుకున్నారు.

ఇవన్నీ పెద్దవాళ్ళిచ్చిన గౌరవాలు. నాకు మాత్రం వీటన్నిటికన్నా 1892లో ఆయన చేసిన పనే గొప్పగా అనిపిస్తుంది.

గోడల లోపల ఒక ఆడమనిషి

ఆనాటి హైదరాబాదులో పెద్దింటి స్త్రీలకు ఘోషా ఉండేది. పరాయి మగవాడి కంట పడకూడదు. మరి ఫోటో తీసేది మగవాడే కదా! తండ్రి ఫోటో ఉంటుంది, అన్నదమ్ములవి ఉంటాయి, పెంపుడు గుర్రానిది కూడా ఉంటుంది. ఇంటి ఇల్లాలిది మాత్రం ఉండదు. చూసుకుందామన్నా తన ముఖం అద్దంలో ఉన్నంతసేపే.

దీన్ దయాళ్ ఈ చిక్కుని గమనించారు. 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల మగపురుగు ఉండదు. కెమెరా దగ్గర నిలబడేది మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ. ఆమెకి సాయం చేసేవాళ్ళు కూడా ఇక్కడి ఆడవాళ్ళే.

వ్యాపారం కోసమే పెట్టారు కదా అంటారేమో. అయ్యుండొచ్చు. డబ్బిచ్చింది కూడా ఇంటి మగవాళ్ళే అయ్యుండొచ్చు. కానీ ఒక్కసారి ఆ గోడల లోపలికి వెళ్ళినట్టు ఊహించుకోండి. పల్లకీ దిగి, ముసుగు తీసి, ఎదురుగా ఉన్న ఆడమనిషితో మాట్లాడుతూ కుర్చీలో సర్దుకుని కూర్చోవడం. చేయి ఎక్కడ పెట్టుకోవాలో, చూపు ఎటు నిలపాలో తనకు తోచినట్టు చేయడం. బటన్ తాను నొక్కకపోయినా ఆ కాసేపు ఆ బొమ్మ తనది! సెల్ఫ్ పోర్ట్రెయిట్‌కి తొలిమెట్టు ఇలాంటి చోటే పడిందని నేననుకుంటాను.

మన కరువు బొమ్మలు

అదే కాలంలో మన సీమవాళ్ళు కెమెరాకి ఎలా కనిపించారో తెలుసా? 1876-78లో ధాత కరువు వచ్చింది. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు అల్లాడిపోయాయి. మద్రాసు సైన్యంలో అధికారి విల్లోబీ వాలెస్ హూపర్ ఆ కరువుకు చిక్కిన జనాన్ని ఫోటోలు తీశారు. ఎముకల గూళ్ళలాంటి తల్లులు, పిల్లలు వరసగా కూర్చుని ఉంటారు. బొమ్మ కోసం వాళ్ళని అలా కూర్చోబెట్టారని ఆనాడే విమర్శలొచ్చాయి.

ఆ తల్లుల పేర్లేవీ బొమ్మల కింద లేవు. ‘నన్నిలా తీయొద్దు’ అనే శక్తి కూడా వాళ్ళకి లేదు. జనానా స్టూడియోలో కూర్చున్న బేగంకీ, కరువు బొమ్మలోని మన తల్లికీ మధ్య తేడా నగలొక్కటే కాదు. తానెలా కనబడాలో చెప్పుకునే వీలు ఒకరికి ఉంది, ఇంకొకరికి లేదు. ఎంత పెద్ద తేడా!

దీన్ దయాళ్ కూడా కరువును తీశారు. 1899-1900 కరువులో నిజాం రాజ్యంలోని ఔరంగాబాద్ వైపు సర్కారు సాగించిన సహాయపు పనుల ఫోటోలవి. దర్బారుల వెలుగు చూపిన కెమెరాయే మట్టి మోసే కూలీలనూ చూపింది. ఆ కూలీలకు మాత్రం ఏ జనానా స్టూడియో లేదు.

1905లో దీన్ దయాళ్ కన్నుమూశారు. ఆయన గాజు పలకల్లో 2,857 నెగెటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం కొని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు వేసింది.

ఇక మన పోటీకి...

సొంత బొమ్మలో ముఖమే ఉండాలని ఎక్కడా లేదు. 1840లోనే ఫ్రాన్సులో హిప్పొలైట్ బయార్ అనే ఆయన నీళ్ళలో పడి చనిపోయిన మనిషిలా తన్ను తానే ఫోటో తీసుకున్నాడు. ఫోటో కనిపెట్టిన పేరంతా డాగేర్‌కి పోయిందన్న కోపాన్ని అలా చూపించాడు! జైపూర్ మహారాజు రెండో రామ్‌సింగ్ శివభక్తుడి వేషంలో తన బొమ్మ తీసుకున్నారు. అంటే వేషం, వెలుతురు, వస్తువులు అన్నీ మాట్లాడతాయన్నమాట.

మన దగ్గర మాత్రం ఏం తక్కువ? మధ్యాహ్నం ఎండలో కడప బండల మీద పడే మీ నీడ ఉంది. తోమిన స్టీలు బిందెలో వంకరగా కనిపించే మీ ముఖం ఉంది. వేరుశనక్కాయలు ఒలిచి ఒలిచి గరుకెక్కిన వేళ్ళున్నాయి. టైమరు పెట్టుకుని, ఫోను గోడకి ఆనించి, ఓ పది అడుగులు వెనక్కి నడవండి చాలు. పంపేముందు పోటీ నిబంధనలు మాత్రం చదువుకోండి. ఎంతవరకు దిద్దవచ్చో ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. మచ్చలు చెరిపేసి, రంగు తేల్చేసే ఫిల్టర్లు వాడేముందు అది ఎవరి కోసమో మిమ్మల్ని మీరే అడగండి. పెళ్ళిచూపుల ఫోటోలో అడిగేవాళ్ళు లేరు. ఈ ఫోటోలో అడగాల్సింది మీరే, జవాబు చెప్పాల్సిందీ మీరే. బహుమతి వస్తే మంచిదే. రాకపోయినా ఆ బొమ్మ వెనక మీ పేరు, ఊరు, తేదీ రాసి దాచుకోండి. కరువు బొమ్మల్లోని మన తల్లులకు ఆ పాటి కూడా దక్కలేదు.