శతావధానమును వీడిన శ్రీమద్ రాజచంద్రులు

అవధానమనగా నేమో తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఒకరు వీపుపై పూవులు విసరుచుందురు. ఒకరు గంట మ్రోగించుచుందురు. ఎదుట చదరంగపు బల్ల; ప్రక్కన సమస్య నిచ్చువారు, దత్తపది నిచ్చువారు; నడుమ అప్రస్తుత ప్రసంగము. చర్మమునకు, చెవికి, కంటికి, బుద్ధికి ఒక్కమారే పని కల్పించి, మనస్సు ఎచట జారునో చూచుటయే ఆ సభలోని వేడుక. తిరుపతి వేంకటకవులు ఈ విద్యతో ఆంధ్రదేశమున ఊరూర సన్మానములందుటకు కొలది యేండ్లు ముందుగనే, ఘూర్జరదేశమున ఒక యువకుడు ఇందు పరాకాష్ఠ నందుకొని, ఇరువదియేండ్ల ప్రాయముననే దానిని విడిచిపెట్టెను.

ఆయనయే శ్రీమద్ రాజచంద్రులు. 1867 నవంబరు 9వ తేదీ, కార్తిక పూర్ణిమనాడు, సౌరాష్ట్రమున వవాణియా గ్రామమునందు జన్మించిరి. తాతగారు కృష్ణభక్తులు, తల్లి దేవబాయి జైన కుటుంబమునుండి వచ్చినది. బాలునకు రెండు సంప్రదాయములును ఇంటనే లభించినవి. ఏడవయేట, తన్ను ప్రేమించు అమీచందుడను పెద్దమనిషి పాముకాటుచే మరణించెను. బాలుడు చెరువుగట్టున చెట్టెక్కి చితి మండుట చూచెను. నిన్నటివరకు మాటలాడిన మనిషిని ఇందరు కూడి ఏల దహించుచున్నారు? ఏమి పోయినందున ఆ దేహము ఇట్లయ్యెను? ఈ ప్రశ్న ఆయనను మరల విడువలేదు.

మోర్వీలో ఒక శాస్త్రిగారి అష్టావధానమును చూచి తామును ఆరంభించిరి. ఎనిమిది పండ్రెండయ్యెను, పదునారయ్యెను. బోటాదు పట్టణమున ఏబదిరెండయ్యెను. అందు చదరంగము, పాచికలు, పేకాట, గంటల లెక్క, గణిత సమస్యలు, వేర్వేరు విషయములపై పద్యరచన, ఇవన్నియు కలిసియున్నవి. పదునారు భాషల పదములను వరుస తప్పించి చెప్పగా, ఆయన వానిని వరుసలో కూర్చి అప్పగించిరి. 1887 జనవరిలో బొంబాయి ఫ్రాంజీ కావస్జీ ఇన్‌స్టిట్యూట్‌లో శతావధానము జరిగెను. వేర్వేరు పరిమాణములు గల పండ్రెండు పుస్తకములను ఒక్కసారి చూపి పేర్లు చెప్పిరి; పిదప కన్నులకు గంతలు కట్టగా, చేతితో తడిమి ఏది ఏ గ్రంథమో చెప్పివేసిరి. కన్ను అందుకొన్నదానిని వ్రేళ్లు గుర్తించినవి! బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ చార్లెస్ సార్జెంటు ముగ్ధుడై, ఐరోపాకు వచ్చి ఈ శక్తిని ప్రదర్శింపుమని కోరెను. రాజచంద్రులు అంగీకరింపలేదు.

ఇచట పాఠకునకు సందేహము కలుగవచ్చును. మనస్సు నూరు వంతులుగ చీలగలదా? నైయాయికులు మనస్సు అణుపరిమాణమనియు, ఒక క్షణమున ఒక ఇంద్రియముతోనే కూడుననియు చెప్పిరి. నూరు తామరరేకులను దొంతిగ పేర్చి సూదితో గ్రుచ్చినచో అన్నియు ఒక్కసారే తెగినట్లుండును గాని, తెగుట ఒకదాని తరువాత ఒకటియే. జైనులలో ఆర్యగంగుడను ముని కథ కలదు. ఆయన నదిని దాటుచుండగా పాదములకు చల్లని నీరు, బోడితలపై ఎండ. రెండును ఒకే క్షణమున తెలియుచున్నవని వాదించెను. మనస్సు యొక్క అతివేగముచే అట్లు తోచుచున్నదే గాని, ఎరుక ఒక్కొక్కటిగనే కలుగునని గురువులు ఖండించిరి. ఆలోచన నడుగు రెండు పనులను ఒక్కసారి చేయబూనినచో మనస్సు వాని మధ్య అటునిటు మారుచుండుననియు, ప్రతి మార్పునకు కొంత జాప్యము తప్పదనియు నేటి మనస్తత్త్వ పరిశోధకులును చూపియున్నారు. కావున అవధాని గొప్పతనము మనస్సును చీల్చుటలో లేదు. దేనిని ఎచట విడిచెనో అచటికే మరల వచ్చి, ఏ కొసయు జారకుండ పట్టుకొనుటలో కలదు.

ఇంతటి శక్తిని ఆయన ఏల వీడిరి? జీవితచరిత్రకారులు ప్రదర్శనలను పుటలకొలది వర్ణించి, త్యాగమును ఒక వాక్యమున దాటిపోవుట కలదు. నాకు ఇది న్యాయముగ తోచదు. ఇరువది యేండ్ల వయస్సున, చేతికందిన కీర్తిని చాలుననుట సామాన్యము కాదు. వ్రేళ్లకు, చెవులకు, జనుల మెప్పునకు పంచిపెట్టిన మనస్సు చితిని చూచిన నాటి ప్రశ్నకు మిగులదని ఆయన కనుగొనిరి. పిదప సభలకెక్కలేదు.

అట్లని అడవికిని పోలేదు. 1888లో వివాహమయ్యెను, బొంబాయిలో ముత్యముల, వజ్రముల వర్తకమున భాగస్వామియైరి. 1891లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన గాంధీజీ ఆయనను కలిసికొని, తమకు తెలిసిన ఐరోపా భాషల పదములన్నిటిని వ్రాసి చదివి పరీక్షించిరి. రాజచంద్రులు వానిని వరుస తప్పక తిరిగి చెప్పిరి. గాంధీజీ అచ్చెరువందిరి గాని, ఆకర్షింపబడినది అందులకు కాదు. లక్షల బేరము ముగిసిన మరుక్షణమే గద్దెపైనున్న ధర్మగ్రంథమో, దినచర్య పుస్తకమో తెరచుకొనెడి వర్తకుని ఆయన అంతకుముందు చూచియుండలేదు.

1896లో నడియాదునందు ఒక రాత్రి ఆత్మసిద్ధిశాస్త్రమును వ్రాసిరి. శిష్యుడు అంబాలాలు లాంతరు పట్టుకొని నిలిచియుండగా, గుజరాతీలో 142 పద్యములు ఒక్క కూర్పున పూర్తియయ్యెను. చుట్టును గంటలు లేవు, ప్రశ్నించువారు లేరు. సర్వసంగపరిత్యాగము చేయవలెనను కోరిక ఆయనకు తీవ్రముగ నుండెను గాని, ముని దీక్ష లభింపలేదు, దేహము క్షీణించెను. 1901 ఏప్రిలు 9న రాజకోటలో, ముప్పదిమూడవ యేట దేహము చాలించిరి.