కణముల గణించిన యోగి

పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు చేరువనే గొరగనమూడి యను గ్రామము కలదు. 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన ఆ గ్రామమందు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు జన్మించిరి. యోగిగాను, పరమాణు కేంద్రక పరిశోధకులుగాను స్వామి జ్ఞానానంద యను పేర ప్రసిద్ధులైనవారు వీరే. పారిస్ నగరమున హెన్రీ బెకరెల్ యురేనియము లవణములనుండి కంటికి కానరాని కిరణములు వెలువడుచున్నవని కనుగొన్నదియు ఆ సంవత్సరమే. ఆ కిరణములతో ఈ గోదావరి బిడ్డకు చెలిమి కుదురుటకు మాత్రము నాలుగు దశాబ్దములు పట్టినది.

లక్ష్మీనరసింహరాజుగారు నరసాపురము టైలరు ఉన్నత పాఠశాలలో చదివిరి. యౌవనమందే సత్యాన్వేషణ తపనతో ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతములకు పోయి, పెక్కేండ్లు యోగసాధన చేసిరి. ఆ సాధనాఫలమును పూర్ణసూత్రములను గ్రంథముగా సంతరించి, దాని ప్రచురణమునకై 1927లో జర్మనీ దేశమునకు పయనమైరి. అప్పటికి వారి వయస్సు ముప్పది దాటినది. వెంట తీసికొనిపోయినది యోగవిద్యయే గాని విశ్వవిద్యాలయ పట్టము కాదు.

బోధింపబోయినవారు అచట విద్యార్థి యగుట వారి జీవితమునందలి పెద్ద మలుపు. డ్రెస్డెన్ నగరమున ఉండగా ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతము వారి మనస్సు నాకర్షించినది. ఆ సిద్ధాంతమును విని మెచ్చుకొని ఊరకుండవచ్చును. ఇదంతయు మన పూర్వులెన్నడో చెప్పినదేయని ఉపన్యసించి తిరిగి రావచ్చును. జ్ఞానానందులు అట్లు చేయలేదు. తమకన్న ఎంతో చిన్నవారైన విద్యార్థుల సరసన కూర్చుండి గణితమును, భౌతికశాస్త్రమును ఓనమాలనుండి అభ్యసించిరి. పిమ్మట ప్రేగ్ నగరమందలి చార్లెస్ విశ్వవిద్యాలయమున ఆచార్య డోలెజ్‌షెక్ కడ ఎక్స్ కిరణ వర్ణపటములపై పరిశోధించి డాక్టరు పట్టమును పొందిరి. గాలిని మిక్కిలిగా తోడివేసిన శూన్యపాత్రలలోగాని ఆ ప్రయోగములు సాగవు. కావున ఉన్నత శూన్యమును సాధించు నేర్పు వారికి అచటనే అలవడినది.

అనంతరము వారు ఇంగ్లండునందలి లివర్‌పూల్ చేరిరి. న్యూట్రానును కనుగొని 1935లో నోబెల్ బహుమానమందిన జేమ్స్ చాడ్విక్ అచట ఆచార్యులు. జ్ఞానానందులు బీటా కిరణ వర్ణపటముల పరిశోధనకు పూనుకొన్నది అక్కడనే.

ఆ పరిశోధన విలువ తెలియవలెనన్న రేడియోధార్మికత స్వభావమును కొంత తెలిసికొనవలెను. కొన్ని పరమాణువుల కేంద్రకములు స్థిరముగా నుండలేక కణములను వెలిగ్రక్కి వేరొక మూలకముగా మారిపోవును. రూథర్‌ఫర్డు, సాడీ పండితులు 1902 ప్రాంతమున ఈ మార్పును నిరూపించి, దానికొక క్రమము కలదని చూపిరి. ఏ పదార్థమైనను తనలో సగము మారుటకు పట్టు కాలము నియతమైనది. దానినే అర్ధజీవితకాలమందురు. భాస్వరము-32కు అది సుమారు 14 దినములు. అయొడిన్-131కి 8 దినములు. రేడియము-226కు 1600 సంవత్సరములు. యురేనియము-238కి దాదాపు 447 కోట్ల సంవత్సరములు.

సగము 14 దినములలో పోయిన, మిగిలిన సగము మరి 14 దినములలో పోవునని విద్యార్థులు తరచు పొరబడుదురు. తరగతిలో 64 మందిని నిలువబెట్టి, ఒక్కొక్కరిచేత ఒక నాణెము నెగురవేయించి, బొమ్మ పడినవారిని కూర్చుండుమన్నచో ఈ భ్రమ తొలగును. మొదటి పర్యాయము సుమారు 32 మంది నిలిచియుందురు. రెండవమారు 16, మూడవమారు 8. ఎవరు ఎప్పుడు కూర్చుందురో ఎవరును చెప్పజాలరు. నాలుగుమార్లు నిలిచినవాడు అయిదవమారు కూర్చుండు అవకాశము క్రొత్తగా ఎగురవేయువానికి ఉన్నంతయే. కేంద్రకమునకును వార్ధక్యము లేదు. వేయేండ్లు నిలిచినదియు నిన్న పుట్టినదియు నేడు మారుటకు సమానావకాశము కలవే. వ్యక్తి గతి అనూహ్యము, సమూహగతి నియతము. పది అర్ధజీవితకాలములు గడచిన పిదప మిగులునది వేయింట ఒక వంతుకు కొంచెము తక్కువ.

భాస్వరము-32 కేంద్రకమున ఒక న్యూట్రాను ప్రోటానుగా మారి, ఆ కేంద్రకము గంధకమగును. ఆ క్షణమున ఒక ఎలక్ట్రాను వెలువడును. అదియే బీటా కణము. విడుదలయగు శక్తి ప్రతి మార్పునందును ఒక్కటే కాగా, ఎలక్ట్రానులు మాత్రము కొన్ని మందముగను, కొన్ని వేగముగను వచ్చుచుండును. ఈ వింతను 1914లో గుర్తించినది చాడ్విక్ పండితుడే. కొరవడిన శక్తిని కానరాని మరియొక కణము కొనిపోవుచున్నదని పౌలీ 1930లో ఊహించెను. ఫెర్మి 1934లో దానికి సిద్ధాంతరూపము కల్పించెను. ఎలక్ట్రానులను అయస్కాంత క్షేత్రమున వంచి, వంపును బట్టి వాని శక్తిని కొలుచు యంత్రమే బీటా వర్ణపటమాపకము. త్రోవలో గాలి అణువులు తగిలిన కొలత చెడును. ప్రేగ్‌లో నేర్చిన శూన్యవిద్య లివర్‌పూల్‌లో అక్కరకు వచ్చుటకు కారణమిదియే.

పిదప వారు అమెరికాయందలి మిచిగన్ విశ్వవిద్యాలయమున పరిశోధన కొనసాగించిరి. ఉన్నత శూన్యములపై వారు ఆంగ్లమున రచించిన శాస్త్రగ్రంథము 1947లో న్యూయార్కున వెలువడినది. స్వదేశమునకు తిరిగివచ్చి ఢిల్లీలో, కె. ఎస్. కృష్ణన్‌గారు సంచాలకులుగా నున్న జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసిరి. 1950వ దశకము నడుమ వారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిరి. వాల్తేరున కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనశాలను నెలకొల్పి, బీటా, గామా వర్ణపటముల అధ్యయనమున ఒక శిష్యవర్గమును తీర్చిదిద్దిరి. కాషాయము ధరించిన ఆచార్యులు గణనయంత్రముల నడుమ మెలగుట ఆనాటి వాల్తేరు విద్యార్థులకు నిత్యదృశ్యము. 1969 సెప్టెంబరు 21న వారు పరమపదించిరి. ఆ పరిశోధనశాలకు తరువాత వారి నామమే పెట్టబడినది.

వారు అభ్యసించిన శాస్త్రమునకు ప్రయోగశాల వెలుపలను సాక్ష్యములు కలవు. హైదరాబాదున నల్లకుంటనుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణము మీదుగా తార్నాకకు పోవు విద్యార్థికి త్రోవలో గ్రానైటు గుండ్లు కనబడును. ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల యేండ్లు. శిలలో చిక్కుకొన్న యురేనియము ఎంత సీసముగా మారినదో కొలిచి ఇట్టి వయస్సులను నిర్ణయింతురు. ఆ శిల పుట్టిననాటి యురేనియము-238లో మూడింట రెండు వంతులు నేటికిని మిగిలియున్నది.

జ్ఞానానందులు వాల్తేరున కొలిచిన అల్పాయు పదార్థములన్నియు ఎన్నడో తరిగిపోయినవి. ముప్పదియేండ్లు దాటిన పిదప పలక పట్టి, తెలియనిది తెలియదని యొప్పుకొని, మరల మొదటి తరగతినుండి నేర్చిన ఆ సాహసము మాత్రము, ఆలస్యమైనదని వెనుకంజ వేయు ప్రతి విద్యార్థికిని, ఉపాధ్యాయునికిని ఆదర్శప్రాయము.