మెదడుకు నంబర్లు వేసిన డాక్టరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం వాళ్లు అడిగారు. మన బడిలో చదివి డాక్టర్లు, నర్సులు, జీవశాస్త్రం మాస్టార్లు అయినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు పేరు తెలిసినా జీవితం అంతగా తెలియని ఒకాయన గురించి చెబుతాను. ఆయన కోర్బీనియన్ బ్రాడ్‌మన్. ఆంధ్రా మెడికల్ కాలేజీలో అనాటమీ చదివేటప్పుడు 4వ ఏరియా అంటే కదలిక, 17 అంటే చూపు, 44, 45 అంటే మాట అని వల్లె వేసేవాళ్లం. ఆ నంబర్లన్నీ ఆయన వేసినవే.

బ్రాడ్‌మన్ 1868 నవంబర్ 17న దక్షిణ జర్మనీలో లిగ్గర్స్‌డార్ఫ్ అనే పల్లెలో పుట్టారు. 1895లో డాక్టరయ్యారు. మామూలు వైద్యం చేసుకుందామనుకుంటే డిఫ్తీరియా వచ్చింది. కోలుకుంటూ పని చేసిన చోట ఆస్కార్ వోగ్ట్ అనే నరాల వైద్యుడు పరిచయమయ్యారు. తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో అల్జీమర్ దగ్గర పని చేశారు. మతిమరుపు జబ్బుకు పేరిచ్చిన ఆ అల్జీమరే. 1901లో బెర్లిన్ వెళ్లి వోగ్ట్ ప్రయోగశాలలో చేరారు. వోగ్ట్, ఆయన భార్య సెసిల్ మెదడులోని నరాల తీగల అమరిక చూసేవారు. బ్రాడ్‌మన్ వంతుకు కణాల అమరిక వచ్చింది.

మెదడు పైపొరను, అంటే కార్టెక్స్‌ను, పలుచటి ముక్కలుగా కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూడడం, ఏళ్ల తరబడి అదే పని. మనిషి ఒక్కడితో సరిపెట్టలేదు. కోతి, మార్మోసెట్, లెమూర్, కుందేలు, నేల ఉడుత, హెడ్జ్‌హాగ్, మన మర్రిచెట్లకు వేలాడే పెద్ద గబ్బిలానికి చుట్టమైన జాతి, అన్నీ చూశారు. పాలిచ్చే జంతువులన్నిటికీ మూలం ఆరు వరసల కణాలేనని, ఏ వరస మందం, ఏది పలుచన అన్నది చోటును బట్టి, జంతువును బట్టి మారుతుందని తేల్చారు. ఉక్కునగరంలో సెక్టార్లకు నంబర్లున్నట్టు ఒక్కో చోటుకు ఒక్కో నంబరు ఇచ్చి, 1909లో పుస్తకం వేశారు.

ఆ పుస్తకంలోని మనిషి మెదడు పటంలో 52 దాకా నంబర్లున్నా 12 నుంచి 16 వరకు, 48 నుంచి 51 వరకు కనిపించవు. అవి అచ్చుతప్పులు కావు. ఆ భాగాలు వేరే జంతువుల్లో స్పష్టంగా ఉన్నాయి, మనలో ఆయన గుర్తించలేదు. మెట్లెక్కి పైన కూర్చున్నది మనిషేనని నమ్మే కాలంలో, మనకు లేనివాటికి కూడా లెక్కలో చోటు ఉంచిన పటం అది.

ఇంత చేసినా, లెమూర్ల మెదడుపై ఆయన సమర్పించిన సిద్ధాంత వ్యాసాన్ని బెర్లిన్ వైద్య విభాగం తిరస్కరించింది. అక్కడ పాఠం చెప్పే అర్హత దక్కలేదు. 1910లో ట్యూబింగెన్ వెళ్లారు. అక్కడ ఆదరించి, 1913లో ప్రొఫెసర్‌ని చేశారు. 1917లో పెళ్లయింది, మరుసటి ఏడు కూతురు పుట్టింది. మ్యూనిక్‌లో కొత్త పరిశోధన సంస్థలో కోరుకున్న ఉద్యోగం దొరికింది. చేరిన కొద్ది నెలలకే, 1918 ఆగస్టు 22న, రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకి పోయారు. అప్పటికి 49 ఏళ్లు.

కణాల తేడాల వెనక తీగల తేడాలు కూడా ఉన్నాయని తర్వాతివాళ్లు చూపించారు. పిల్లిలో, ఎలుకలో 4వ ఏరియా నుంచి వెన్నుపాములోకి దిగే తీగలు ఎక్కువగా మధ్యవర్తి కణాల దగ్గరే ఆగుతాయి. కోతుల్లో, మనిషిలో కొన్ని తీగలు చేతివేళ్లను కదిలించే నరకణాలను నేరుగా తాకుతాయి. సూదిలో దారం ఎక్కించే మన నేర్పుకు అదొక ఆధారం.

నేటికీ ఎంఆర్‌ఐ పరిశోధనల్లో ఆయన నంబర్లే వాడుతున్నారు. మన మాస్టార్లకు నాదొక మనవి. ఈ పటం పిల్లలకు చూపించినప్పుడు, అందులో లేని నంబర్లు ఏమయ్యాయో ముందు వాళ్లనే వెతకమనండి.