మొదటి నిమిషం: డాక్టర్ వర్జీనియా ఆప్గార్



మీరు బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో ఉంటున్నా, మరో ఊళ్లో ఉంటున్నా, నెలలు నిండకముందే కాన్పు అయిన ఇంటిని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. బిడ్డ ఏడ్చిందా అని అక్కడ అందరూ ముందుగా అడుగుతారు. ఏడిస్తే ఊపిరి ఆడుతున్నట్లే. పుట్టగానే బిడ్డ ఊపిరిని శ్రద్ధగా పరిశీలించే పద్ధతిని వైద్యలోకానికి ఇచ్చిన డాక్టర్ వర్జీనియా ఆప్గార్ గురించి ఇప్పుడు తెలుసుకుందాం.

ఆప్గార్ 1909 జూన్ 7న అమెరికాలోని వెస్ట్‌ఫీల్డ్ అనే ఊళ్లో జన్మించారు. ఆమె అన్న ఒకరు చిన్న వయసులోనే క్షయతో మరణించారు. ఆమె 1933లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. సర్జను కావాలని ఆమె కోరిక. కాని ఆ రోజుల్లో మహిళా సర్జన్లు నిలదొక్కుకోవడం కష్టంగా ఉండేది. అందువల్ల ఆచార్యుని సలహాపై మత్తుమందు వైద్యం నేర్చుకున్నారు. 1949లో ఆ వైద్య కళాశాలలో ప్రొఫెసర్ పదవి పొందిన మొదటి మహిళ అయ్యారు.

కాన్పు గదిలో ఆమె ఒక లోపాన్ని గమనించారు. కాన్పు కాగానే అందరి దృష్టీ తల్లి మీదే ఉండేది. నీలంగా, నీరసంగా పుట్టిన బిడ్డ ఇక బతకదని వదిలేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

దీనికి ఆమె 1952లో ఒక పద్ధతి సూచించారు. పుట్టిన నిమిషానికి బిడ్డలో అయిదు అంశాలు చూడాలి. అవి: గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు. ఒక్కొక్కదానికి 0, 1 లేదా 2 మార్కులు వేయాలి. మొత్తం 10 మార్కులు. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మార్కులు వేయాలంటే బిడ్డను చూసి తీరాలి. తరువాత అయిదో నిమిషంలో కూడా చూడటం అలవాటైంది. అయితే ఊపిరి తీయని బిడ్డకు మార్కుల కోసం ఆగకుండా వెంటనే సాయం అందించాలి.

నెలలు నిండని బిడ్డలకు మరో ఆపద ఉంది. ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గదులు మూసుకుపోకుండా కాపాడే పదార్థాన్ని సర్ఫాక్టెంట్ అంటారు. ముందుగా పుట్టిన బిడ్డలో ఇది చాలినంత ఉండకపోవచ్చు. అప్పుడు ప్రతి ఊపిరికీ బిడ్డ పెనుగులాడుతుంది. మొదట మంచి మార్కులు వచ్చినా, కొన్ని గంటల్లో ఆయాసం పెరగవచ్చు. ఈ కారణాన్ని 1959లో మేరీ ఎలెన్ ఎవరీ, జెరె మీడ్ వెల్లడించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు పాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు రోజుల్లో మరణించాడు.

ఆప్గార్ 1959లో మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థలో చేరి, శిశువుల ఆరోగ్యం గురించి ఊరూరా ప్రసంగించారు. సంగీతమంటే ఆమెకు ప్రాణం. తన చేతులతో వయొలిన్ తయారుచేశారు. 1974 ఆగస్టు 7న కన్నుమూశారు.

ముందుగా నొప్పులు వచ్చిన తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తే బిడ్డకు ఈ జబ్బు ముప్పు తగ్గుతుందని 1972లో న్యూజీలాండ్ వైద్యులు చూపారు. సర్ఫాక్టెంట్‌ను మందుగా ఇచ్చి బిడ్డలను కాపాడవచ్చని 1980లో జపాన్ వైద్యులు చూపారు. కాని వేళకు ఆసుపత్రి చేరితేనే ఇవి ఉపయోగపడతాయి. అందువల్ల నెలలు నిండకముందే నొప్పులు వస్తే ఆలస్యం చేయకండి. బిడ్డ మూలుగుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆలోచించండి
1. ఆప్గార్ పద్ధతిలో చూసే అయిదు అంశాలు ఏవి?
2. నెలలు నిండని బిడ్డకు మొదట మంచి మార్కులు వచ్చినా ఎందుకు కనిపెట్టి ఉండాలి?