డిగ్రీ లేని ఇంజినీరు

థర్మల్‌లో నాకు బ్యాక్‌లాగ్ ఉంది. దానికోసం చదువుతుంటేనే ఫెలిక్స్ వాంకెల్ పరిచయమయ్యాడు.

1902లో జర్మనీలోని లార్‌లో పుట్టాడు. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. డబ్బుల్లేక కాలేజీ మొహమే చూడలేదు. చూపు సరిగ్గా ఆనక డ్రైవింగ్ లైసెన్సూ లేదు. నాజీ పార్టీలో చేరాడు, యుద్ధం అయ్యాక ఫ్రెంచివాళ్లు జైల్లో పెట్టారు. ఆ మచ్చ దాచలేం. 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో అతని రోటరీ ఇంజిన్ మొదటిసారి నడిచింది.

ఇందులో పిస్టన్ ఉండదు, మూడు మూలల రోటర్ తిరుగుతుంది. చిక్కంతా వేడితోనే. మంట ఎప్పుడూ కేసింగ్‌కి ఒకే వైపు పుడుతుంది, రెండో వైపు చల్లగా ఉంటుంది. కేసింగ్‌ని నీళ్లు చల్లబరుస్తాయి, రోటర్‌ని ఆయిల్. అందుకే మాజ్దా రోటరీని సొంతంగా కట్టుకున్న విమానంలో బిగించేవాళ్లకి రేడియేటర్ ఒక్కటే చాలదు, పెద్ద ఆయిల్ కూలర్ కూడా కావాలి. అసలు పరీక్ష టేకాఫ్ తర్వాత పైకెక్కేటప్పుడు: పవర్ ఫుల్లు, వేగం తక్కువ, తగిలే గాలీ తక్కువ.

1969లో మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ అతనికి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1988లో పోయాడు.

నా సప్లీ వచ్చే నెల. కూలింగ్ మీద ప్రశ్న వస్తే ఈసారి వదలను.