అందరు కలిసి ఎత్తిన పాట
బిషప్ అజరయ్యగారి జీవితమునుండి

ధ్యానమునకు: నిర్గమకాండము 35, 36 అధ్యాయములు



అరణ్యములో ప్రత్యక్షగుడారము కట్టబడిన విధమును మనమందరము చదివియున్నాము. బెసలేలు, అహోలీయాబు అను ఇద్దరికి దేవుడు విశేషమైన నేర్పు ననుగ్రహించెను. అయినను ఆ పని ఆ ఇద్దరితోనే ముగియలేదు. ఒకరు బంగారము తెచ్చిరి, ఒకరు తుమ్మకఱ్ఱ తెచ్చిరి. స్త్రీలు నూలు వడికిరి, మేకవెండ్రుకలు వడికిరి. చివరకు, తెచ్చినది చాలును, ఇక తేవద్దని మోషే పాళెమంతట చాటింపవలసి వచ్చెను. ఐగుప్తునుండి గుంపుగా బయలుదేరినవారు ఒక్క ప్రజగా కుదురుకొనుటకు ఆ గుడారపు పని ఎంతో తోడ్పడెనని మేము తలంచుచున్నాము. కన్నులతో చూచిన అందముకంటె చేతులు కలిపి చేసిన అందమే మనుష్యులను కలుపును.

ఈ సత్యమును మన తెలుగు సంఘములలో ఆచరించి చూపిన ఒక దైవజనుని ఈ నెల జ్ఞాపకము చేసికొందము. వారు బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

అజరయ్యగారు తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతమున వెళ్లాలన్‌విళై అను గ్రామమున, ఒక సంఘకాపరి ఇంట జన్మించిరి. మద్రాసులో చదివి, 1895 మొదలుకొని వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా పనిచేసిరి. భారతదేశమునకు సువార్త నందించు భారము భారతీయులదే యని నమ్మి, 1903లో తిరునెల్వేలి మిషనరీ సంఘమును, 1905లో జాతీయ మిషనరీ సంఘమును స్థాపించుటలో ముఖ్యులైరి. 1909లో, ముప్పదియైదేండ్ల వయస్సున, తామే మిషనరీగా నైజాము రాజ్యమందలి దోర్నకల్‌కు వచ్చిరి. పెద్ద పదవి విడిచి వచ్చి, బడిపిల్లవానివలె మన అక్షరములు దిద్దుకొనిరి. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో వారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. మొదట చిన్నదిగా నున్న దోర్నకల్ అధ్యక్ష మండలము, తరువాత మన కృష్ణా జిల్లా సంఘములను కూడ చేర్చుకొని ఎంతో పెద్దదైనది. వారి చివరి యేండ్లలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

అయితే ఆ విశ్వాసులెవరు? అధికులు మాలపల్లెలనుండియు మాదిగపల్లెలనుండియు వచ్చిన కూలివారు. చదువనేరనివారే ఎక్కువ. ఒకే రక్షకుని నమ్మియు, ఈ పల్లెవారు ఆ పల్లె బావి నీరు త్రాగరు. ఆ పల్లెవారి ఇంట వీరు అన్నము తినరు. ఊరివారు ఇరువురిని దూరముంచగా, వారిలో వారును దూరముగానే యుండిరి. బాప్తిస్మము పొందినంత మాత్రమున ఈ గోడ కూలలేదు. అజరయ్యగారికి కడవరకు తప్పని భారము ఇదే.

వారు ఉపదేశించిరి, గద్దించిరి, ఒకే బల్లయొద్దకు అందరిని పిలిచిరి. దానితోపాటు వారు పాటను నమ్ముకొనిరి. పాశ్చాత్యుల రాగములను తెలుగు పల్లెమీద రుద్దుట వారికి ఇష్టము లేదు. వారికి పూర్వమే పురుషోత్తమ చౌదరిగారు మొదలగు భక్తులు మన రాగతాళములలో కీర్తనలు రచించియుండిరి. ఆ కీర్తనలను, భజనలను, బైబిలు కథలను ఆడి చూపు నాటకములను అజరయ్యగారు ప్రోత్సహించిరి. పుస్తకము చదువలేని సంఘమునకు పాటయే పుస్తకమాయెను.

మన డెల్టావారికి దీని మర్మము వేరుగా చెప్పనక్కరలేదు. ఊడ్పుల కాలమున చేలో ఒక స్త్రీ పాట ఎత్తుకొనును, వరుసలోని వారందరు అందుకొందురు. నడుము నొప్పి మరచిపోవును, చేతులు ఒక్క తాళమున కదలును. ఎవరి గొంతు మంచిదని ఎవరును అడుగరు. భజనయు అట్టిదే. ఒకరు పల్లవి చెప్పగా, అక్షరము రానివాడు సైతము రెండవ మారు అందుకొనగలడు. తాళము వేయు వానికిని ఒక పని, చప్పట్లు కొట్టు పసివానికిని ఒక పని. పాట నిలువవలెనన్న నా ప్రక్కవాని గొంతు నాకు వినబడవలెను; వాని ఊపిరితో నా ఊపిరి కలియవలెను. వాడు ఏ పల్లెవాడని అడుగుటకు అక్కడ తీరిక యుండదు.

ఈ మనస్సుతోనే దోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ లేచెను. ఎన్నో యేండ్ల శ్రమ తరువాత 1939 జనవరి 6వ తేదీన, ప్రత్యక్షతా పండుగ నాడు, అది ప్రతిష్ఠింపబడెను. మసీదులను తలపించు గుమ్మటములు, దక్షిణదేశపు గుళ్ల మండపములను తలపించు స్తంభములు అందు కలిసి నిలిచినవి. ఈ దేశపు అందమంతయు ప్రభువు పాదములయొద్దకు రావలెనని వారి కోరిక. గ్రామ సంఘముల కానుకలకును ఆ కట్టడములో పాలున్నది. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడెల్ల దేవునికని ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసియుంచు తల్లులుండిన సంఘములవి. అరణ్యములో నూలు వడికిన స్త్రీలకును వీరికిని భేదమేమున్నది?

పాట అన్నిటిని గెలిచెనని మేము చెప్పము. అజరయ్యగారి దినములలోను కులభేదము పూర్తిగా తొలగలేదు, నేటికిని తొలగలేదు. ఆదివారము కలిసి పాడి, సోమవారము వేరు బావికి పోయినవారుండిరి. కాని కలిసి పాడినవారి మనస్సులో ఒక ప్రశ్న మిగులును: గొంతులు కలిసినప్పుడు కంచములేల కలియవు? ఆ ప్రశ్న పుట్టించుటయే పాట చేయు మేలు. అజరయ్యగారు ఆ ప్రశ్నను సంఘముల మధ్యకు కూడ తీసికొని వెళ్లిరి. 1919లో తరంగంబాడిలో జరిగిన కూటము మొదలుకొని దక్షిణదేశపు సంఘముల ఐక్యతకై పాటుపడిరి. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ దినమును చూచుటకు వారు లేరు.

ఇక మన సంగతి. ఈ మాటలు కంకిపాడునుండి వ్రాయుచున్నాము. సాయంకాలము బందరు రోడ్డు మీద వాహనముల రొదలోను ప్రార్థన గంట వినబడును, పాటయు వినబడును. కాని ఆ పాట ఎందరిది? నేడు అనేక చోట్ల నలుగురైదుగురు మైకులయొద్ద నిలిచి, కీబోర్డు వాయించుచు పాడుదురు, తక్కినవారము విందుము. వాయిద్యములను మేము తప్పు పట్టము. బెసలేలు నేర్పును దేవుడిచ్చినదే. కాని బెసలేలు ఒక్కడే గుడారమంతయు కట్టినయెడల అది ప్రజల గుడారమగునా? పుస్తకము తెరువకుండ ఎన్నో కీర్తనలు పాడగల వృద్ధులు మన సంఘములలో ఇంకను ఉన్నారు. వారు వెనుక వరుసలో మౌనముగా కూర్చుండుట మనకు నష్టము. వారితోపాటు ఆ పాటలును వెళ్లిపోవును.

కాబట్టి ఈ నెల ఒక్క ఆదివారమైనను మైకు ప్రక్కన పెట్టుదము. ఒక అవ్వను పల్లవి ఎత్తుమని అడుగుదము. తాళములు పిల్లల చేతికి ఇత్తము. క్రిస్మసు నాటకమునకు ఒకే వీధి పిల్లలను గాక, ప్రతి వీధినుండి ఒకరిని పిలుతము. పాట ముగిసిన తరువాత అందరము ఒకే పంక్తిని కూర్చుండి భోజనము చేయుదము.

మోషే కాలమున కానుకలు చాలునని చాటింపవలసి వచ్చెను. పాడువారు చాలును, ఇక రావద్దని మన సంఘములలో చాటింపవలసిన దినము ఇంకను రాలేదు.